పంతుళ్ళను ఇంటికి పిలుచుకున్న పునీతుడు



మీకు అక్షరాలు దిద్దించిన టీచరుగారి పేరేమిటని అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా చెప్పగలరు. పలక మీద చెయ్యి పట్టి దిద్దించిన తీరు, తప్పు చదివితే కళ్ళద్దాల పైనుంచి చూసిన చూపు, ఎక్కం తప్పులేకుండా అప్పజెప్పిన రోజున భుజం తట్టిన చెయ్యి, ఇవి ఏళ్ళు గడిచినా మరచిపోలేం. అయితే ఇంకొక ప్రశ్న. ఆ టీచరుగారికి పాఠం చెప్పడం ఎవరు నేర్పారు? ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, పిల్లలు మాట వినక, గొంతు పోయి, మనసు విరిగి ఇంటికి వచ్చిన సాయంత్రం వారికి ధైర్యం చెప్పిందెవరు? ఈ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు. అసలు ఈ ప్రశ్నే మనకు తోచి ఉండదు.

మంచి ఉపాధ్యాయుని ప్రభావం తరతరాలు నిలుస్తుందని అందరం ఒప్పుకుంటాం. కాని మంచి ఉపాధ్యాయుడు ఆకాశం నుండి ఊడిపడడు. అతణ్ణి ఎవరో ఒకరు నిలబెడతారు, సరిదిద్దుతారు, అలసినప్పుడు ఆదుకుంటారు. ఆ పని చేయవలసిన వారిలో మనం కూడా ఉన్నాం. ఈ వారం మన పాఠం ఇదే.

బోధకునికి బోధించిన దంపతులు

బైబిలు తెరచి అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయం 24 నుండి 28 వరకు వచనాలు ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. అలెగ్జాండ్రియా పట్టణస్థుడైన అపొల్లో ఎఫెసుకు వచ్చాడు. మంచి వక్త. లేఖనాలు బాగా తెలిసినవాడు. ఉత్సాహంగా బోధించేవాడు. కాని అతనికి తెలిసింది యోహాను ఇచ్చిన జ్ఞానస్నానం వరకే. ప్రార్థనామందిరంలో అతని బోధ విన్నవారిలో ప్రిస్కిల్లా, అక్విలా అనే దంపతులు ఉన్నారు. వారు పండితులు కారు. గుడారాలు కుట్టి బతికేవారు. క్లౌదియు చక్రవర్తి ఆజ్ఞ వల్ల రోము విడిచి, కొరింతు చేరి, అక్కడ పౌలుగారికి తమ ఇంట చోటిచ్చినవారు.

బోధకునిలో లోపం కనిపించింది. అప్పుడు ఆ దంపతులు ఏమి చేశారో గమనించండి. మందిరంలో లేచి నిలబడి నిలదీయలేదు. బయటికి వచ్చి నలుగురిలో చులకన చేయలేదు. మనకెందుకులే అని ఊరుకోనూ లేదు. అతణ్ణి తమ వద్దకు చేర్చుకుని, దేవుని మార్గాన్ని మరింత వివరంగా తెలియజెప్పారు. తరువాత అతడు అకయాకు వెళ్ళదలచినప్పుడు సోదరులు అతణ్ణి ప్రోత్సహించి, అక్కడి శిష్యులకు ఉత్తరం రాసి ఇచ్చారు. అక్కడ అతని వల్ల విశ్వాసులకు ఎంతో మేలు జరిగింది. తాను నాటగా అపొల్లో నీరు పోశాడని పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 3వ అధ్యాయంలో చెప్పారు. కొరింతులో అపొల్లో పోసిన ఆ నీరు, ఎఫెసులో ఆ దంపతుల దగ్గర నిండిన కుండలోనిదే.

శ్రద్ధగా వినడం, చాటున సరిదిద్దడం, ముందుకు సాగనంపడం. ఉపాధ్యాయుణ్ణి పెంచే ఈ మూడు పనులూ ఆ వచనాల్లో ఉన్నాయి. శ్రీసభ చరిత్రలో ఈ మూడింటినీ జీవితమంతా చేసి చూపిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనే పునీత జాన్ బాప్తిస్తు ద లా సాల్.

బతకలేక బడిపంతులు

ఈ సామెత మన తెలుగునాట పుట్టినా, 17వ శతాబ్దపు ఫ్రాన్సుకు అచ్చంగా సరిపోతుంది. కలిగినవారి పిల్లలకు ఇంటికి వచ్చి చెప్పే పండితులు, లాటిను నేర్పే పెద్ద పాఠశాలలు ఉండేవి. కూలివాని కొడుక్కి చదువు చెప్పడానికి దొరికేవాడు సాధారణంగా వేరే పని దొరకనివాడే. అతనికి తర్ఫీదు లేదు, సరైన జీతం లేదు, సమాజంలో మర్యాద లేదు. నాలుగు నెలలు చెప్పి, మెరుగైన పని దొరికితే వెళ్ళిపోయేవాడు.

లా సాల్ గారు 1651 ఏప్రిల్ 30న రీమ్స్ నగరంలో సంపన్న కుటుంబంలో పెద్ద కొడుకుగా పుట్టారు. 16 ఏళ్ళు నిండకముందే ఆ నగర ప్రధాన దేవాలయంలో కెనన్ పదవి లభించింది. గౌరవమూ, జీవితాంతం నిలకడగా ఆదాయమూ ఉన్న పదవి అది. 1671లో తల్లి, 1672లో తండ్రి మరణించడంతో పారిస్‌లో గురువిద్య ఆపి, తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ చూసుకోవడానికి ఇల్లు చేరారు. 1678లో గురుపట్టాభిషేకం పొందారు. పంతుళ్ళతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. పేదపిల్లల బడులు తన జీవితకార్యం అవుతాయన్న ఊహ కూడా ఆయనకు లేదు.

1679లో రువాన్ పట్టణం నుండి అడ్రియన్ నియెల్ అనే గృహస్థుడు పేద బాలురకు ఉచిత పాఠశాల తెరవడానికి రీమ్స్‌కు వచ్చాడు. లా సాల్ గారు అతనికి సాయం చేశారు. బడి మొదలైంది. కొద్దికాలానికే ఇంకొకటి తెరిచారు. నియెల్ ఉత్సాహవంతుడు. ఒక ఊళ్ళో బడి పెట్టగానే అతని మనసు ఇంకో ఊరి మీదికి పోయేది. అతని వల్లే ఎన్నో బడులు వెలిశాయి. అది చిన్న విషయం కాదు. కాని బడి తెరిచినంత మాత్రాన పాఠం నడవదు కదా. పంతుళ్ళకు చెప్పే పద్ధతి తెలియదు, ఒకరి తీరు ఒకరికి పొసగదు, వారి బాగోగులు చూసేవారు లేరు. లా సాల్ గారి కళ్ళు అక్కడ నిలిచాయి. పిల్లలు బాగుపడాలంటే ముందు పంతుళ్ళను చూసుకోవాలని ఆయన గ్రహించారు.

మొదట వారికి తన ఇంటి దగ్గర ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తరువాత తన బల్ల వద్దనే భోజనం పెట్టారు. 1681 జూన్ 24న ఏకంగా తన ఇంట్లోనే బస ఇచ్చారు. బంధువులు మండిపడ్డారు. కులీనుల ఇంట బడిపంతుళ్ళా అని నిలదీశారు. తమ్ముళ్ళను ఆయన దగ్గరనుండి తీసుకుపోయారు. వచ్చిన పంతుళ్ళలోనూ చాలామంది ఆ క్రమశిక్షణకు తట్టుకోలేక వెళ్ళిపోయారు. వారి స్థానంలో కొత్తవారు వచ్చారు. మరుసటి ఏడాది అదే తేదీన ఆయన తన సొంత ఇల్లు విడిచి, వారితో కలిసి ఒక అద్దె ఇంట్లో కాపురం పెట్టారు.

పంతుళ్ళు అడిగిన ప్రశ్న

ఈ చరిత్రలో అందరూ తెలుసుకోవలసిన ఘట్టం ఒకటుంది. పంతుళ్ళకు రేపటి భయం పట్టుకుంది. బడులు మూతపడితే, ముసలితనం వస్తే తమ గతేమిటని దిగులుపడ్డారు. లా సాల్ గారు సువార్తలోని పొలంలోని పూవులను, ఆకాశ పక్షులను గుర్తుచేసి, దేవుని మీద భారం వేయమని బోధించారు. వారు నిర్మొహమాటంగా జవాబు చెప్పారు. ఆ జవాబు సారాంశం ఇది: అయ్యా, మీకు ఆస్తి ఉంది, కెనన్ పదవి ఉంది, బడులు పోయినా మీకు లోటు లేదు, మాకు ఏముంది?

అలా మాట్లాడినందుకు ఆయన కోపగించుకోలేదు. వారి మాటలో నిజముందని ఒప్పుకున్నారు. తాను సుఖంగా ఉండి ఇతరులకు త్యాగం బోధించడం చెల్లదని తెలుసుకున్నారు. 1683లో కెనన్ పదవి వదులుకున్నారు. 1684-85లో కరువు వచ్చినప్పుడు తన ఆస్తిని రొట్టెలుగా మార్చి పేదలకు పంచిపెట్టారు. ఆ తరువాత ఆయన కూడా ఆ పంతుళ్ళలాగే చేతిలో ఏమీ లేనివాడయ్యాడు. ఇక ఆయన చెప్పిన మాట వారికి నమ్మదగిన మాట అయింది.

ప్రియ పాఠకులారా, ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైనదని మనం వేదికల మీద చెబుతాం. ఆ వృత్తిలో ఉన్నవారు మనల్ని కూడా ఇదే ప్రశ్న అడిగితే మన జవాబేమిటి?

ఉపాధ్యాయులను పెంచిన పద్ధతి

ఆ పంతుళ్ళు తమను తాము బ్రదర్లు అని పిలుచుకున్నారు. అలా క్రైస్తవ పాఠశాలల బ్రదర్ల సభ వెలిసింది. లా సాల్ గారు వారిని నిలబెట్టిన తీరులో మనకు పనికివచ్చే సంగతులు ఎన్నో ఉన్నాయి.

మొదటిది, తర్ఫీదు. 1680ల దశకంలోనే పల్లెటూళ్ళ పంతుళ్ళ కోసం ఆయన రీమ్స్‌లో ఒక శిక్షణాలయం నడిపారు. కొత్తవారిని తరగతిలోకి తోసి చేతులు దులుపుకోలేదు. అనుభవం ఉన్నవారి పక్కన ఉంచి నేర్పించారు. వాగుడు, తొందరపాటు, కోపం, పక్షపాతం వంటి లోపాలను ఒక్కొక్కటిగా గుర్తించి మాన్పించడమూ ఆ తర్ఫీదులో భాగమే.

రెండవది, తోడు. ఏ బ్రదరునూ ఒంటరిగా ఏ ఊరికీ పంపేవారు కాదు. వారు కలిసి ఉండాలి, కలిసి ప్రార్థించాలి, తమ కష్టసుఖాలు ఆయనకు క్రమం తప్పకుండా ఉత్తరాల్లో రాయాలి. ఆయన రాసిన జవాబుల్లో కొన్ని నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో మందలింపు ఉంటుంది, వెంటనే ఓదార్పూ ఉంటుంది.

మూడవది, విశ్రాంతి. చెప్పి చెప్పి నీరసించిన బ్రదర్లను సెలవుల్లో పారిస్ సమీపంలోని వోజిరార్ గృహానికి పిలిపించి, వడకాలు జరిపి, కొత్త బలంతో తిరిగి పంపేవారు. ఉపాధ్యాయుల వడకం కోసమే ఆయన 16 ధ్యానాలు రాశారు. బావిలో ఊట లేకపోతే ఎంత పొడవైన చేంతాడు ఉన్నా లాభం లేదని ఆయనకు తెలుసు.

నాలుగవది, ఉపాధ్యాయుల అనుభవానికి విలువ. ఆనాడు పిల్లలకు చదవడం లాటినులో మొదలుపెట్టేవారు. పేదపిల్లవాడు బడిలో ఉండే కొద్దికాలంలో లాటిను వస్తుందా? అందుకే ఆయన బడుల్లో మాతృభాష అయిన ఫ్రెంచితోనే చదువు మొదలైంది. ఒక్కొక్క పిల్లవాణ్ణి పిలిచి చెప్పే పాత పద్ధతి బదులు తరగతి మొత్తానికి కలిపి చెప్పే పద్ధతి స్థిరపడింది. వీటన్నింటినీ వివరించే పాఠశాలల నిర్వహణ గ్రంథాన్ని ఆయన గదిలో ఒక్కరే కూర్చుని రాయలేదు. బ్రదర్లతో సంప్రదించి, తరగతిలో ప్రయత్నించి చూసి, పనికిరానిది తీసేసి సిద్ధం చేశారు. ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1720లో అది అచ్చయింది.

ఇదంతా సాఫీగా సాగలేదు. ఉచిత బడుల వల్ల తమ ఆదాయం పోతుందని పారిస్‌లో రుసుము తీసుకుని రాత నేర్పే పంతుళ్ళు ఆయనను న్యాయస్థానాలకు ఈడ్చారు. నమ్ముకున్నవారిలో కొందరు విడిచిపోయారు. కొంతకాలం తానే అడ్డమేమోనని తలచి ఆయన దక్షిణాదికి వెళ్ళిపోయారు. గ్రెనోబుల్‌లో ఒక బ్రదరు ప్రయాణంలో ఉండగా, ఆయన స్థానంలో నిలబడి చిన్నపిల్లలకు పాఠం చెప్పారు. అప్పుడు, 1714 ఏప్రిల్ 1న, పారిస్ ప్రాంతపు బ్రదర్లు ఆయనకు ఉత్తరం రాశారు. మీరు వెంటనే తిరిగి వచ్చి సభ బాధ్యత చేపట్టాలని సభ పేరిట ఆజ్ఞాపించారు. ఆయన విధేయుడై ఆ ఆగస్టులో తిరిగి వచ్చారు.

ఒకనాడు తన బల్ల దగ్గర కూర్చోవడానికే బెదిరిన పంతుళ్ళ వారసులు ఇప్పుడు తనకే ఆజ్ఞ ఇచ్చేంత ఎదిగారు! ఉపాధ్యాయులను పెంచడమంటే ఇదే. 1717లో ఆ బ్రదర్లు తమలో ఒకరిని అధిపతిగా ఎన్నుకున్నారు. 1719 ఏప్రిల్ 7, పవిత్ర శుక్రవారం నాడు, రువాన్‌లో లా సాల్ గారు ప్రభువులో నిద్రించారు. అప్పటికి సభలో సుమారు 100 మంది బ్రదర్లు ఉన్నారు. నేడు ఆ బడులు 70కి పైగా దేశాలలో నడుస్తున్నాయి. శ్రీసభ ఆయనను 1900లో పునీతునిగా ప్రకటించింది. 1950 మే 15న పన్నెండవ భక్తినాథ పాపుగారు ఆయనను ఉపాధ్యాయులందరికీ పాలక పునీతునిగా నియమించారు. ఆయన పండుగ ఏప్రిల్ 7. తపస్సుకాలంలోనో పాస్కా రోజుల్లోనో పడడం వల్ల ఆ పండుగ చాలామంది దృష్టికి రాదు.

ఒక దీపం నుండి ఇంకొక దీపం

ఇలా పెరిగిన ఉపాధ్యాయురాలి ప్రభావం ఎంతదూరం పోతుందో చూడాలంటే అమెరికాలో జరిగిన ఒక కథ చాలు. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ గురించి మన పిల్లలు పాఠాల్లో చదువుతారు. ఆమెకు చదువు చెప్పిన ఆన్ సలివన్ పేరూ కొందరికి తెలుసు. ఆన్ ఎవరు? ఐర్లండు నుండి వలస వచ్చిన పేదల బిడ్డ. కంటిజబ్బుతో చూపు మందగించింది. తల్లి పోయాక 1876లో తమ్ముడితోపాటు ఆమెను టూక్స్‌బరీ అనాథాశ్రయంలో చేర్చారు. కొద్దినెలల్లోనే తమ్ముడు అక్కడే చనిపోయాడు. 1880లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు చేరేనాటికి ఆమెకు 14 ఏళ్ళు, చదవడం రాదు, నోటి దురుసు. ఆ పాఠశాలవారు ఓర్పుతో ఆమెను నిలబెట్టారు. 1886లో ఆమె తరగతిలో మొదటిస్థానంలో చదువు ముగించింది.

అదే పాఠశాలలో లారా బ్రిడ్జ్‌మన్ అనే వృద్ధురాలు ఉండేది. చూపూ వినికిడీ లేని ఆమెకు 1837 నుండి డాక్టర్ హోవే అక్కడ చదువు చెప్పారు. ఆమెతో మాట్లాడడానికే ఆన్ అరచేతిలో అక్షరాలు రాసే విద్య నేర్చుకుంది. హెలెన్ ఇంటికి వెళ్ళేముందు హోవే రాసిపెట్టిన వివరాలన్నీ నెలల తరబడి చదివింది. 1887 మార్చి 3న ఆమె హెలెన్ కోసం పట్టుకెళ్ళిన బొమ్మను పెర్కిన్స్ అంధ బాలికలు పంపారు. దానికి గౌను తొడిగింది లారా. ఏప్రిల్ 5న నీటి పంపు దగ్గర హెలెన్ అరచేతిలో నీరు అనే మాట అర్థమై వెలిగింది. 1904లో హెలెన్ కళాశాల పట్టం పుచ్చుకుంది. ఆ వెలుగు వెనుక ఆన్ ఉంది. ఆన్ వెనుక లారా, హోవే, ఒక అనాథను ఓపికగా భరించిన పాఠశాల ఉన్నాయి.

మన విచారణల్లో మనం

సెప్టెంబరు 5 వస్తే దండ వేస్తాం, పెన్ను బహూకరిస్తాం, ఫోటో దిగుతాం. 1962 నుండి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినాన జరుపుకుంటున్న ఈ పండుగ మంచిదే. మిగిలిన 364 రోజుల సంగతి ఏమిటి?

ద్వితీయ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటనలో, పిల్లలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని బోధించింది. కథోలిక పాఠశాల తన లక్ష్యాన్ని చేరుకోవడం దాదాపు పూర్తిగా ఉపాధ్యాయుల మీదే ఆధారపడి ఉందనీ చెప్పింది. భవనం మీద కాదు, బస్సు మీద కాదు, ఫలితాల బ్యానరు మీద కాదు. 2021 మే 10న ఫ్రాన్సిస్ పాపుగారు ఉపదేశుల సేవను శ్రీసభలో ఒక అధికారిక పరిచర్యగా స్థాపించి, వారికి తగిన శిక్షణ ఉండాలని కోరారు. మన దేశ జాతీయ విద్యావిధానం 2020 కూడా ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటలు తన వృత్తిలో నేర్చుకోవడానికి వెచ్చించాలని సూచించింది. మాటల్లో లోటు లేదు. చేతల్లో మన వంతు ఏమిటో చూద్దాం.

మొదట, పిల్లల ముందు టీచరును చులకన చేసి మాట్లాడకండి. లోపం కనిపిస్తే ప్రిస్కిల్లా, అక్విలాల వలె విడిగా కలిసి, మర్యాదగా చెప్పండి. బిడ్డ మార్కుల గురించే కాదు, మీకేమైనా ఇబ్బంది ఉందా టీచరుగారూ అని కూడా ఒకసారి అడగండి. అలాగని తప్పును కప్పిపుచ్చమని కాదు. బిడ్డను కొట్టినా, అవమానించినా, బిడ్డ భద్రతకు ముప్పు కనిపించినా ఆలస్యం చేయకుండా పెద్దలకు, అవసరమైతే చట్టానికి తెలియజేయాలి. పాఠశాలల్లో శారీరక దండనను 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. బిడ్డను కాపాడడం ఉపాధ్యాయ వృత్తిని గౌరవించడంలో భాగమే.

రెండవది, జీతం. గలతీయులకు రాసిన లేఖ 6వ అధ్యాయం 6వ వచనం చూడండి. బోధ పొందినవాడు తనకున్న మంచివాటిలో బోధకునికి భాగమివ్వాలని పౌలుగారి ఆదేశం. చిన్న ప్రైవేటు బళ్ళలో పనిచేసే మన అక్కచెల్లెళ్ళు ఎందరో ఇంటి అద్దెకే చాలని జీతంతో నెట్టుకొస్తున్నారు. బడి యాజమాన్యంలో ఉన్నవారు, విచారణ సలహాసంఘ సభ్యులు ఈ మాటను మనస్సాక్షితో ఆలోచించాలి. సకాలంలో జీతం ఇవ్వడం దయ కాదు, న్యాయం. మనం కట్టవలసిన ఫీజు సకాలంలో కట్టడమూ న్యాయమే.

మూడవది, ఆదివారం సత్యోపదేశం చెప్పే యువతీయువకులు. పూజ అయ్యాక మనం ఇంటికి వస్తాం. వారు పిల్లలతో ఆకలితో కూర్చుంటారు. వారి చేతిలో తరచుగా ఒక పాత పుస్తకం తప్ప మరేమీ ఉండదు. మేత్రాసన శిక్షణ తరగతులకు వారు వెళ్ళడానికి బస్సు ఛార్జీ, రెండు పుస్తకాల ఖర్చు విచారణ భరించగలదు కదా! పండుగ విద్యుద్దీపాల ఖర్చులో అది ఎన్నో వంతు?

నాలుగవది, కొత్తగా చేరిన టీచరు. మన విచారణల్లో విశ్రాంత ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఇంట్లో కూర్చుని ఉంది. అయ్యలారా, అమ్మలారా, నెలకొకసారి ఒక కొత్త టీచరును మీ ఇంటికి భోజనానికి పిలవండి. సలహాలు తరువాత ఇవ్వవచ్చు. ముందు ఆమె చెప్పేది వినండి. లా సాల్ గారి సేవ మొదలైంది భోజనపు బల్ల దగ్గరే.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మీకు చదువు చెప్పినవారిలో ఎవరిని మీ పిల్లలకు పరిచయం చేయాలనుకుంటారు? ఎందుకు?

2. లా సాల్ గారిని పంతుళ్ళు అడిగిన ప్రశ్న మన బడిలోని టీచర్లు మనల్ని అడిగితే ఏమి జవాబు చెబుతాం?

3. ఈ నెలలో మన ఇంటి నుండి ఒక ఉపాధ్యాయునికి లేదా ఉపదేశికి ఏ సహాయం చేయగలం?

ఈ వారం చేయవలసిన పని: మీకు పాఠం చెప్పినవారిలో జీవించి ఉన్న ఒకరిని వెతికి కలుసుకోండి, లేదా ఫోను చేయండి. వారు లేకపోతే వారి ఆత్మశాంతికి ప్రార్థించండి. పిల్లలను కూడా వెంట కూర్చోబెట్టుకోండి.

ప్రార్థన: మంచి బోధకుడవైన యేసుప్రభువా, మాకు అక్షరం నేర్పిన చేతులను దీవించు. ఈ రోజు మా పిల్లలకు నేర్పుతున్నవారు అలసిపోయినప్పుడు వారికి ఊరటనివ్వు. వారికి తోడుగా నిలిచే మనసు మాకు దయచేయి. ఆమెన్.